అద్దెకిచ్చేందుకు ఇంకో ఇల్లు కొనడం మా తాహతుకు సరిపోతుందా?

ప్రశ్న: మా ఇద్దరివీ నెల జీతాలు. ఉంటున్న ఇంటి అప్పు ఇంకా నాలుగేళ్లు ఉంది, పాప పైచదువు దగ్గర పడుతోంది. చేతిలో కొంత పొదుపుంది. మరో ఇల్లు కొని అద్దెకిస్తే ఆ అద్దెతోనే కిస్తీ తీరిపోతుందని మావారు అంటున్నారు. నాకు ధైర్యం చాలడం లేదు. లెక్క ఎలా చూసుకోవాలి?

జవాబు: ముందు ఇంటి ధరను 100 అనుకోండి అమ్మా. మీ చేతి డబ్బు 20, అప్పు 80. వడ్డీ 8 శాతం, గడువు 20 ఏళ్లయితే ఏడాదికి కిస్తీలు దాదాపు 8 అవుతాయి. అందులో మొదటి ఏడాది 6.3 వడ్డీకే పోతుంది, అసలు తీరేది 1.7 మాత్రమే. అద్దె ఏడాదికి 4 వస్తుందనుకుందాం. ఒక నెల ఖాళీగా ఉంటే 3.67. పన్ను, రంగులు, మరమ్మతులు తీసేస్తే 3 మిగిలితే గొప్ప. అంటే ఏటా 5 మీ జీతాల్లోంచి పెట్టాలి. వడ్డీ 9 శాతానికి పెరిగితే కిస్తీలే 8.6 దాటుతాయి. ఈ 4 నా ఊహే. మీరు చూసిన ఇంటి పక్కన అద్దెకుంటున్నవాళ్లను అడిగి అసలు అంకె వేసుకోండి. అమ్మేవాళ్లు చెప్పే అద్దెను నమ్మకండి.

రిజిస్ట్రేషన్ ఖర్చు ఈ 20లో లేదు, అది వేరే. అద్దెకు దిగేవాళ్లిచ్చే అడ్వాన్సు తిరిగివ్వాల్సిన సొమ్ము, దాన్నీ లెక్కలోకి తేకండి.

ప్రశ్న: అప్పిస్తామని బ్యాంకువాళ్లు అంటున్నారు కదండీ?

జవాబు: వాళ్లు మీ జీతం, పాత అప్పులు చూస్తారు. పాప ఫీజు వాళ్ల లెక్కలో ఉండదు. మాకు ఒకసారి ఇల్లు మూడు నెలలు తాళం వేసే ఉంది, ఆ మధ్యలోనే నీళ్ల మోటారు కాలింది. ఆర్నెల్ల ఇంటి ఖర్చు, కిస్తీలు కలిపి విడిగా ఉంచుకున్నాం కాబట్టి నగలు తాకట్టు పెట్టే అవసరం రాలేదు. ఆ నిధి లేకుండా మాత్రం దిగొద్దు.

ఇంకొకరి మాట: నాదొక సలహా. ఆ లోటు ఎంతో తేల్చి, కొన్నట్టే అనుకుని ఆర్నెల్లపాటు నెలనెలా వేరే ఖాతాలో వేయండి. ఒక్క నెల కూడా అందులోంచి తీయకుండా నెట్టుకురాగలిగితే అప్పుడు ఇల్లు చూడండి.

ప్రశ్న అడిగినవారు: రాత్రి ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. పాత కిస్తీ ఉన్నంతకాలం మాకు మిగిలేది ఆ లోటులో సగమే. అప్పు తీరేదాకా ఆగుదామని మావారే అన్నారు. ఆ సగాన్నే వచ్చే నెల నుంచి విడిగా వేస్తున్నాం.