వంపులో షార్ట్: నెయిల్ పాలిష్‌తో సరిపెట్టొచ్చా, ఇంజను విప్పాల్సిందేనా?

పటమట పాయింట్స్‌మన్:
నాది ఆరు ఇరుసుల బొమ్మ డీజిల్ ఇంజను, హెచ్‌ఓ స్కేలు (అసలు ఇంజనులో 87వ వంతు). తిన్నటి పట్టాల మీద చక్కగా పోతుంది. 18 అంగుళాల వ్యాసార్థం వంపులోకి దిగగానే కంట్రోలర్‌లో ఎర్ర లైటు వెలుగుతుంది, బండి ఆగిపోతుంది. చేత్తో కాస్త వెనక్కి జరిపితే మళ్లీ మామూలే. బ్రేక్ హ్యాంగర్ (చక్రం పక్కన వేలాడే బ్రేకు ముక్క) చక్రానికి తగులుతోందనుకుని, కరెంటు దాటకుండా దాని మీద మా అక్కయ్య నెయిల్ పాలిష్ రెండు పూతలు పూశాను. రెండు రోజులు బాగుంది, నిన్న మళ్లీ అదే పాట. ఇంకో పూత వేయనా, విప్పనా? బాడీ క్లిప్పులు విరుగుతాయేమోనని టెన్షన్.

బ్రాడీపేట బోగీ:
విప్పకండి. నేను పాలిష్‌తోనే మూడు ఇంజన్లు నిలబెట్టాను. మీరు ఆరనివ్వకుండా నడిపి ఉంటారు. మూడో పూత వేసి రాత్రంతా వదిలేయండి.

లోకోషెడ్డు మామయ్య:
నేను విజయవాడ ఎలక్ట్రిక్ లోకోషెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు మనవడి బొమ్మ రైళ్లు చూస్తున్నాను. నిజం ఇంజనుకి 25 కేవీ కరెంటు పై తీగ నుంచి వస్తుంది, తిరుగుదారి చక్రాలు, పట్టాలే. అక్కడ రెండు పట్టాలూ ఒకే వైపు లెక్క, కాబట్టి ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య ఇన్సులేషన్ అక్కర్లేదు. బొమ్మలో ఒక పట్టా ప్లస్, ఇంకోటి మైనస్. రెండు వైపుల ఇనుమూ ఎక్కడ కలిసినా షార్టే. వంపులోనే వస్తోందంటే వంపులో కదిలేదేమిటో చూడాలి. అది బోగీ, అంటే పెట్టె కాదు, ఇంజను కింద ఇరుసులు బిగించి ఉండి వంపులో తిరిగే చట్రం. బ్రేక్ హ్యాంగర్ బోగీతో పాటే తిరుగుతుంది కదా, చక్రానికి దాని దూరం వంపులో పెద్దగా మారదు. పాలిష్ పూసిన చోటే తప్పని నా అనుమానం.

బ్రాడీపేట బోగీ:
మామయ్యగారూ, ఇరుసు కాస్త పక్కకి ఆడితే హ్యాంగర్ తగలదా? నా మూడింటిలో ఒకటి సరిగ్గా అదే.

లోకోషెడ్డు మామయ్య:
తగలొచ్చు. ఒప్పుకున్నా. కానీ రెండు పూతల తర్వాతా వస్తోందిగా.

ఆటోనగర్ వైండింగ్:
వాదన ఎందుకు, మల్టీమీటరు పెట్టండి. ఇంజను పట్టాల మీద నుంచి తీసి తలకిందులుగా పాత తువ్వాలు మీద పడుకోబెట్టండి. ఒక ప్రోబు ఎడమ చక్రానికి, ఇంకోటి కుడి చక్రానికి. బీప్ వచ్చిందని షార్ట్ అనుకోవద్దు, మోటారు కాయిల్ ద్వారా కూడా కొన్ని మీటర్లు బీప్ కొడతాయి. అంకె చూడండి. కాయిలయితే ఎన్నో కొన్ని ఓములు చూపిస్తుంది. బోగీని వేలితో అటూ ఇటూ తిప్పుతుంటే ఏ మూలలో అంకె సున్నా దగ్గరకు పడిపోతుందో అక్కడే దొంగ.
ఇంకోటి, డీసీసీ డీకోడర్ (డిజిటల్ కంట్రోలు కోసం ఇంజనులో పెట్టే చిన్న సర్క్యూటు) ఉంటే ఇది తేలేదాకా కరెంటు ఇవ్వకండి. మోటారు టెర్మినల్ ఫ్రేముకి తగిలిందంటే డీకోడర్ కాలిపోతుంది, పాలిష్ దాన్ని కాపాడదు.

పటమట పాయింట్స్‌మన్:
మీటరు పెట్టాను. వెనక బోగీ ఎడమకి పూర్తిగా తిప్పితే సున్నా! బాడీ విప్పాను, క్లిప్పులు విరగలేదు. బోగీ నుంచి పైకి వచ్చే నల్ల వైరు ఫ్రేము అంచుకి రాసుకుని తొడుగు పోయింది, లోపలి రాగి బియ్యపు గింజంత మేర కనిపిస్తోంది. వైరు మార్చి, స్లీవ్ తొడిగి, కాస్త వదులుగా వదిలాను. 18 అంగుళాల వంపులో నలభై చుట్లు, ఎర్ర లైటు లేదు.

బ్రాడీపేట బోగీ:
సంతోషం. అయినా ఆ రాగి మీద నాలుగు చుక్కలు పాలిష్ వేసినా సరిపోయేది.

ఆటోనగర్ వైండింగ్:
రోజూ రాసుకునే చోట పాలిష్ ఎన్నాళ్లు నిలుస్తుందండీ? కదలని చోట మీ మాటే రైటు.

లోకోషెడ్డు మామయ్య:
పాయింట్స్‌మన్ బాబూ, పాత పాలిష్ తీయడానికి రిమూవర్ వాడకు. అందులో ఎసిటోన్ ఉంటే ప్లాస్టిక్ బాడీ కరిగిపోతుంది. అదలాగే ఉండనీ.