నేను తయారుచేసిన క్యారెక్టర్‌కి సొంత స్వభావం ఎలా తేవాలి?

ఆర్పీజీ (మనమే ఒక పాత్రగా మారి ఆడే వీడియో గేమ్) మొదలుపెడితే క్యారెక్టర్ ముఖం దగ్గరే నాకు గంట పోతుంది. ముక్కు, మచ్చ, జుట్టు అన్నీ కుదిరాక ఆడటం మొదలెడితే, రెండో రోజుకల్లా ఆ మనిషి మళ్లీ నేనే! ఎవరు సాయం అడిగినా సరేనంటాను, కనిపించిన ప్రతి పెట్టే తెరుస్తాను.

2009లో వచ్చిన గేమ్ డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్‌లో ఈ బాధ తక్కువ. ఆరు ఆరంభ కథల్లో ఏది ఎంచుకుంటే దానికి తగ్గ గతం దొరికేది. స్కైరిమ్ అనే మరో గేమ్‌లో అలా కాదు. చేతులు కట్టేసి బండిలో తీసుకెళ్తుంటారు, అంతకుముందు మనం ఎవరమో మనమే ఊహించుకోవాలి.

ఈసారి ఒక దొంగను చేశాను. చిన్నప్పుడు తమ్ముణ్ణి వదిలేసి పారిపోయిందని రాసుకున్నాను, అందుకే పిల్లలున్న ఇంట్లో దొంగతనం చేయదు. ఈ ఒక్క నియమం మాత్రం బాగా పనిచేసింది. ఒక ఇంట్లో చిన్న మంచం కనబడగానే ఏమీ ముట్టుకోకుండా వచ్చేశాను. చిక్కంతా డైలాగుల దగ్గరే. ఎంచుకోమని గేమ్ ఇచ్చిన జవాబుల్లో ఒక్కటీ ఆమె అనేలా ఉండదు.

మీరైతే గతం ముందే రాసుకుంటారా, ఆడుతూ కల్పిస్తారా? మంచి కత్తి చేజారుతుందని తెలిసీ క్యారెక్టర్‌కి తగ్గ తప్పుడు నిర్ణయం తీసుకోవడం ఎలా అలవాటు చేసుకున్నారు? నాకైతే చెయ్యి రావట్లేదు.