ఒకే ఫోల్డర్ అమరిక అన్ని కంప్యూటర్లలో పనిచేయాలంటే ఏం చేయాలి?

తేనెపట్టు: నిన్న సాయంత్రం నుంచి ఇదే పని, తల పగిలిపోతోంది. నా ప్రోగ్రామ్ లినక్స్‌లో ఫోల్డర్లు తయారుచేస్తుంది. అక్కడ అంతా బాగానే ఉంది. విండోస్‌లో, మాక్‌లో కూడా తెరవాలని మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే చాలా ఫైళ్లు ఎక్కడం లేదు. డ్రైవ్‌లో చోటు బోలెడుంది. ఫోల్డర్ల పేర్ల మధ్య వచ్చే స్లాష్‌లన్నీ సరిచూశాను. ఎవరైనా చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

సున్నాఒకటి: ఎర్రర్ ఏమని? డ్రైవ్ ఏ ఫార్మాట్? ఫైళ్ల పేర్లు ఏమిటి?

గడియారం: ముందు ఒక మాట. మీరు ఫోల్డర్ అంటున్నది డైరెక్టరీ. అది పెట్టె కాదు, పేర్ల పట్టిక. ఏ పేరు ఏ ఫైల్‌దో అందులో రాసి ఉంటుంది. పెట్టె అనుకోబట్టే అందరూ పేర్లను తేలిగ్గా తీసుకుంటారు. పెద్ద ఆర్‌తో ‘రిపోర్ట్’, చిన్న ఆర్‌తో ‘రిపోర్ట్’ లినక్స్‌లో రెండు ఫైళ్లు. విండోస్, మాక్‌లలో మామూలుగా ఒకటే. తెలుగులో పేర్లు పెడితే ఇంకో చిక్కు. లినక్స్ డిస్క్‌లకి వాడే ఎక్స్‌టీ4 ఫార్మాట్‌లో పేరుకి 255 బైట్లే. అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి 3 బైట్లు, గుణింతానికి మళ్లీ 3. అంటే 85 గుర్తులతో సరి.

వానచినుకు: ఫోల్డర్ అంటే అందరికీ అర్థమవుతుంది కదండీ. మాటల గొడవ ఎందుకు?

గడియారం: మాట తప్పితే డిజైన్ తప్పుతుంది. అందుకే చెబుతున్నాను.

తేనెపట్టు: డ్రైవ్ ఎక్స్‌ఫ్యాట్. ‘ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్’ అని వస్తోంది. పేర్లు మామూలువే, ‘రీడింగ్ 10:30:15’ లాంటివి.

సున్నాఒకటి: కోలన్. ఎక్స్‌ఫ్యాట్ ఒప్పుకోదు. తీసేయండి.

వానచినుకు: ప్రశ్న గుర్తు, నక్షత్రం గుర్తు, నిలువు గీత కూడా వద్దు. ‘ఏయూఎక్స్’, ‘సీఓఎన్’, ‘ఎన్‌యూఎల్’ అని కూడా పేర్లు పెట్టకండి. విండోస్‌కి ముందున్న డాస్ కాలం నుంచి అవి పరికరాల పేర్లు. నేను ఒకసారి ‘ఏయూఎక్స్’ ఫోల్డర్‌తో రెండు రోజులు పోగొట్టుకున్నాను. ఇంగ్లీషు చిన్న అక్షరాలు, అంకెలు, హైఫన్, అండర్‌స్కోర్, చుక్క చాలు. హైఫన్‌తో మొదలుపెట్టకండి, చుక్కతో ముగించకండి.

గడియారం: అయితే తెలుగు పేర్లు వదులుకోవాల్సిందేనా? నేను ఒప్పుకోను. యూనికోడ్ ఉన్నది అందుకే.

వానచినుకు: వదులుకోమనలేదండీ. డిస్క్ మీద సాదా పేరు ఉంచి, చూపించాల్సిన తెలుగు పేరు ఒక సూచిక ఫైల్‌లో రాసుకోవచ్చు.

గడియారం: సూచిక ఫైల్ పాడైతే?

తేనెపట్టు: కోలన్ బదులు హైఫన్ పెట్టాను, అన్నీ ఎక్కాయి. థ్యాంక్స్. విండోస్‌లో పాత్, అంటే ఫోల్డర్లతో కలిపి ఫైల్ పూర్తి చిరునామా, 260 అక్షరాలు దాటితే ఏం చేయాలో కూడా ఎవరైనా చెప్పగలరా?