యార్క్‌షైర్ పుడ్డింగ్ పొంగడం లేదు, దయచేసి సలహా ఇవ్వగలరు

మేము రెండేళ్లుగా ఇంగ్లాండ్‌లోని లీడ్స్‌లో ఉంటున్నాము. ఇక్కడ ఆదివారం మధ్యాహ్న భోజనంలో రోస్ట్‌తో (కాల్చిన మాంసంతో) పాటు వడ్డించే యార్క్‌షైర్ పుడ్డింగ్ అంటే మా పిల్లలకు ఎంతో ఇష్టం. పేరుకు పుడ్డింగే గాని అందులో తీపి ఉండదు; గుడ్లు, పాలు, మైదా కలిపిన పిండిని ఓవెన్‌లో పొంగించి చేస్తారు. నిప్పు మీద కాలే మాంసం నుంచి కారే కొవ్వును వృథా పోనీయకుండా, కింద పిండి గిన్నె పెట్టి పట్టుకోవడంతో మొదలైన వంటకమిది. 1747 నాటికే హన్నా గ్లాస్ అనే ఆంగ్ల రచయిత్రి వంటల పుస్తకంలో ఇదే పేరుతో కనిపిస్తుంది.

మా ఇంట్లో గొడ్డు మాంసం కొవ్వు వాడరు కనుక, ట్రేలోని ఒక్కో గుంటలో చెంచాడు పొద్దుతిరుగుడు నూనె పోసి, 220 డిగ్రీల ఓవెన్‌లో బాగా కాగనిచ్చి, గుడ్లు, పాలు, మైదా సమపాళ్లలో గిలక్కొట్టిన పిండిని అందులో పోస్తున్నాను. పిండి పడగానే చుయ్‌మంటుంది, అంచులు లేస్తాయి, తీరా బయటకు తీసేసరికి కూలబడి ఊతప్పంలా తయారవుతుంది. నాలుగు అంగుళాలైనా పొంగనిదే అది యార్క్‌షైర్ పుడ్డింగ్ కాదని 2008లో రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ ప్రకటించింది. నావి ఒక్క అంగుళం దాటితే గొప్ప.

పిండిని రాత్రంతా నాననివ్వాలా? పాలలో కొంత నీరు కలపాలా? లేక మధ్యలో ఓవెన్ తలుపు తెరిచి చూడడమే నా తప్పా? నూనెతోనే సరిగ్గా పొంగించినవారు ఎవరైనా ఉంటే, కొలతలతో సహా తెలియజేయగలరని ప్రార్థన.