శనివారం హాలులో 'డాక్టర్ హూ' ప్రదర్శన పిల్లలున్న కుటుంబాలకు తగినదేనా?

కార్యదర్శి:
బెంగళూరులోని మన సముదాయంలో ఉన్న తెలుగు కుటుంబాల కోసం శనివారం సాయంత్రాలలో క్లబ్ హౌస్ హాలులో 'డాక్టర్ హూ' అనే బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ ధారావాహికను ప్రదర్శిస్తున్న సంగతి అందరికీ తెలిసినదే. ఇది పిల్లలకు తగినది కాదని, దీనిని ఆపివేయాలని రెండు కుటుంబాలు లిఖితపూర్వకంగా కోరాయి. కొనసాగించాలని కోరినవారు కూడా ఉన్నారు. కార్యవర్గం కూర్చునే లోపల సభ్యులు తమ అభిప్రాయాలను ఇక్కడ తెలియజేయవలసినదిగా మనవి.

ఫిజిక్స్ మాస్టారు:
ఈ ప్రదర్శనను ప్రారంభించినవాడిని కనుక ముందుగా నా అభిప్రాయం చెప్పడం ధర్మమనుకుంటున్నాను. 'డాక్టర్ హూ' పుట్టినదే కుటుంబం కోసం. 1963 నవంబరు 23న, శనివారం సాయంత్రం అయిదు దాటాక, ఆటల కార్యక్రమానికీ పాటల కార్యక్రమానికీ నడుమ బీబీసీ దీనిని మొదటిసారి ప్రసారం చేసింది. ఆటలు చూస్తున్న తండ్రి లేచిపోకుండా, పాటల కోసం వచ్చే పెద్దపిల్లలు విసుక్కోకుండా, చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యేలా ఒకటి ఉండాలని ఏరికోరి చేసిన ఏర్పాటు అది. కథానాయకుడైన డాక్టరు కాలంలో ప్రయాణించే గ్రహాంతరవాసి. ఆయన వెంట మొదట కాలప్రయాణం చేసినవారిలో ఆయన మనవరాలితో పాటు ఆమె బడిలోని ఇద్దరు ఉపాధ్యాయులున్నారు. ఒకరు సైన్సు చెప్పేవారు, మరొకరు చరిత్ర చెప్పేవారు. ఆ తొలి కథకు దర్శకత్వం వహించిన వారిస్ హుస్సేన్ లక్నోలో పుట్టినవాడని, అప్పటికి ఆయన వయసు 24 ఏళ్ళేనని చెప్పినప్పుడు మన పిల్లలు ఎంత ఆసక్తిగా విన్నారో హాలులో ఉన్నవారికి తెలుసు.

భయపెడుతుందనే ఫిర్యాదు కూడా కొత్తది కాదు. 1976లో 'ది డెడ్లీ అసాసిన్' కథ మూడవ భాగం చివర, ప్రత్యర్థి డాక్టరు తలను నీటిలో అదిమిపట్టిన దృశ్యం మీద మేరీ వైట్‌హౌస్ అనే ఉద్యమకారిణి బ్రిటన్‌లో పెద్ద ఆందోళన చేశారు. బీబీసీ క్షమాపణ చెప్పి ఆ దృశ్యాన్ని కత్తిరించింది. అయినా ఆ తరం పిల్లలు చెడిపోలేదు. 1989లో ఆగిపోయిన ధారావాహికను 2005లో తిరిగి నిలబెట్టిన రస్సెల్ టి. డేవిస్ ఆ తరం పిల్లవాడే. తుపాకీ మీద కాక ఆలోచన మీద ఆధారపడే కథానాయకుడు మన పిల్లలకు ఇంకెక్కడ దొరుకుతాడు? నేను దీనిని ఆపడానికి అంగీకరించను.

రాత్రి పాళీ:
మా అమ్మాయి అట్టపెట్టెలతో డాక్టరు శత్రువైన దాలెక్‌ను తయారుచేసింది. మాకు ఏ అభ్యంతరమూ లేదు.

సి బ్లాక్ తల్లి:
మాస్టారూ, బీబీసీ ఏ వేళకు ప్రసారం చేసిందన్నది నా ప్రశ్న కాదు. మీరు 'బ్లింక్' చూపించిన తరువాత మా అబ్బాయి చాలా రాత్రులు దీపం ఆర్పనివ్వలేదు. చూపు తిప్పుకున్నా, రెప్ప వేసినా రాతిబొమ్మలు కదిలి మీదికి వస్తాయన్న కథ అది. ఆ తరువాత హలసూరు సోమేశ్వరాలయానికి తీసుకువెళితే, మండపం స్తంభాల మీది శిల్పాల ముందు రెప్ప వేయకుండా కళ్ళలో నీళ్ళు కారేదాకా నిలబడ్డాడు. దేవుడి గుడిలో పిల్లవాడు భయపడే స్థితి తెచ్చిన ప్రదర్శనను కుటుంబ ప్రదర్శన అని నేను ఎలా అనుకోను?

ఫిజిక్స్ మాస్టారు:
అమ్మా, 'బ్లింక్'లో ఒక్క రక్తపు చుక్క లేదు, ఒక్క హత్య లేదు. ఆ విగ్రహాలు మనుషులను చంపవు, గతంలోకి పంపుతాయి. అక్కడ వారు పెళ్ళిళ్ళు చేసుకుని, పిల్లలను కని, నిండుగా జీవిస్తారు. ఎవరూ మరణించని కథను హింసాత్మకమని ఎలా అంటారు?

రాత్రి పాళీ:
మన్నించాలి మాస్టారూ, ఎవరూ మరణించరనడం సరికాదు. పోలీసు అధికారి బిల్లీ షిప్టన్ ఆ కథలోనే వృద్ధుడై ఆసుపత్రిలో మరణిస్తాడు.

ఫిజిక్స్ మాస్టారు:
అది సహజ మరణం. ఆ దృశ్యంలో వర్షం ఆగేదాకా తనకు ఆయుష్షు ఉందని ఆయన ప్రశాంతంగా చెబుతాడు. దానిని హింస కింద లెక్కించడం న్యాయం కాదు.

రాత్రి పాళీ:
హింస అని నేను అనలేదు. మరణం ఉన్నదని మాత్రమే అన్నాను. మీరు ఒక్కటీ లేదన్నారు.

ఇద్దరు ఆడపిల్లల తండ్రి:
ఈ బిల్లీ షిప్టన్ సంగతి పక్కన పెడదామండి. మన దేశంలో 2021 నాటి నిబంధనల ప్రకారం ఓటీటీలో ప్రతి కార్యక్రమానికీ వయసు వర్గం చూపాలి: యు, యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+, ఏ. అందులో 13+, ఆ పైవాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే సౌకర్యం ఉండాలి. ఇంట్లో ఆ తాళం వేసుకునే నేను, హాలుకు పంపేటప్పుడు ఏమి చూపుతారో కూడా తెలియకుండా పంపుతున్నాను. దీని గురించి ఎవరైనా ఆలోచించారా?

నెల్లూరు నానమ్మ:
మా కాలంలో పిల్లలకు దయ్యాల కథలు చెప్పినవాళ్ళం మేమే. పిల్లలు భయపడ్డారు, మా ఒడిలోకి వచ్చి పడుకున్నారు. భయం ఉండవచ్చునమ్మా. ఒడి కూడా ఉండాలి.

ఫిజిక్స్ మాస్టారు:
నానమ్మగారు చెప్పినదే నా అభిప్రాయం కూడా. నిజానికి బీబీసీకి ఈ తేడా తెలుసు. పెద్దవారి కోసం 2006లో 'టార్చ్‌వుడ్' అనీ, పిల్లల కోసం 2007లో 'ది సారా జేన్ అడ్వెంచర్స్' అనీ ఇదే లోకం నుంచి రెండు వేరు ధారావాహికలు తెచ్చింది. మాతృక మాత్రం అందరూ కలిసి చూసేదిగానే మిగిలింది. నేను 'టార్చ్‌వుడ్' ఒక్కనాడూ హాలులో చూపలేదు. నేను చూపినది 'డీమన్స్ ఆఫ్ ది పంజాబ్': 2018లో వినయ్ పటేల్ రాసిన కథ. 1947 ఆగస్టులో కొత్త సరిహద్దు గీసిన పొలంలో ఒక హిందువుకూ ముస్లిం యువతికీ పెళ్ళి జరగడం, వరుడిని సొంత తమ్ముడే శత్రువుగా చూడడం అందులోని విషయం. అది చూసిన తరువాత పిల్లలు విభజన గురించి అడిగిన ప్రశ్నలు పాఠ్యపుస్తకం చదివి అడగగలిగేవి కావు. పిల్లవాడిని కాలు కందకుండా పెంచాలనుకునేవారి కోసం మిగిలిన పిల్లలందరూ ఇటువంటి కథలను వదులుకోవాలా?

సి బ్లాక్ తల్లి:
కాలు కందకుండా పెంచుతున్నానని అన్నారు కాబట్టి, ఇంతవరకు మర్యాద కోసం రాయనిది ఇప్పుడు రాస్తున్నాను.

మా నాన్నగారు పోయింది ఈ మధ్యనే. విల్సన్ గార్డెన్ శ్మశానంలో దహనం చేశాము. అస్థికలను శ్రీరంగపట్నం దగ్గర పశ్చిమవాహినిలో కలిపినప్పుడు మా అబ్బాయి తన మామయ్య పక్కన నిలబడి చూశాడు, ధైర్యంగానే ఉన్నాడు. ఆ తరువాత ఒక శనివారం మీరు 'డార్క్ వాటర్' చూపించారు. చనిపోయినవారికి తమ దేహానికి జరిగేదంతా తెలుస్తూనే ఉంటుందని, వారు అవతలి నుంచి మొరపెట్టుకుంటున్న మాట 'నన్ను దహనం చేయవద్దు' అని అందులో ఒక పాత్ర చెబుతుంది. వాడు ఇంటికి వచ్చి, నేరుగా మా అమ్మ దగ్గరకు వెళ్ళి, 'తాతయ్యకు కాలిందా అమ్మమ్మా' అని అడిగాడు. మా అమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

2014లో ఇది ప్రసారమైనప్పుడు బ్రిటన్‌లోనే ఎందరో బీబీసీకి ఫిర్యాదు చేశారు. అక్కడ పూడ్చేవారు కూడా ఉన్నారు. మన హాలులో కూర్చున్న కుటుంబాలలో దాదాపు అందరి ఇళ్ళలోనూ దహనమే ఆచారం. రాతిబొమ్మల భయం ఎప్పటికైనా పోతుంది. ఈ ప్రశ్నకు మా అమ్మ ఏమి చెప్పాలి?

రాత్రి పాళీ:
ఈ సంగతి మాకు తెలియదమ్మా. చాలా బాధగా ఉంది.

ఫిజిక్స్ మాస్టారు:
మీ తండ్రిగారి మరణానికి నా సానుభూతి. కానీ ఆ కథను సగం చెప్పి వదిలివేయడం సరికాదు. ఆ మాట చెప్పిన పాత్ర పనిచేసే సంస్థ వెనుక ఉన్నది మిస్సీ అనే దుష్టపాత్ర. మృతుల మనసులను దాచి, వారి దేహాలను లోహపు సైనికులుగా మార్చడం ఆమె పన్నాగం. ఫిర్యాదులకు బీబీసీ కూడా, ఆ పాత్ర తాను చెప్పబోయేది కలవరపెట్టేదని పలుమార్లు హెచ్చరించిన తరువాతే చెబుతుందని జవాబిచ్చింది. రెండవ భాగం 'డెత్ ఇన్ హెవెన్' చూస్తే పిల్లవాడికి ఇదంతా తేటపడేది. మరొక మాట. మన ఇళ్ళలో మైలరోజుల్లో గరుడపురాణం చదివిస్తాము. అందులోని యమలోక వర్ణన పిల్లల చెవిన పడదా? దానిని ఎవరూ ఆపమనరు.

సి బ్లాక్ తల్లి:
గరుడపురాణం చదివినప్పుడు ఆ ఇంట్లో ఎవరు పోయారో చదివేవారికి తెలుసు, వినేవారికి తెలుసు. మా పురోహితులు పిల్లవాడిని దగ్గర కూర్చోబెట్టుకుని, దేహంలో తాతయ్య లేడని, పది రోజుల పిండాలతో ఆయనకు వేరే శరీరం ఏర్పడుతుందని చెప్పారు. వాడికి ఊరట కలిగింది. మీ హాలులో ఆ ఊరటను తీసివేసినప్పుడు వాడి పక్కన ఎవరున్నారు?

రెండవ భాగం చూస్తే తేటపడేదన్నారు. దానిని మీరు చూపినది మరుసటి శనివారం. ఆ వారమంతా వాడు ఏమి అనుకుంటూ పడుకోవాలి?

ఇద్దరు ఆడపిల్లల తండ్రి:
మాస్టారూ, ఇక్కడ ఒక సంగతి గమనించండి. మీరు మొదటి లేఖలో ప్రస్తావించిన మేరీ వైట్‌హౌస్ అభ్యంతరం సరిగ్గా ఇదే. తల నీటిలో మునిగి ఉండగా భాగం ముగిసింది. మరుసటి శనివారం దాకా పిల్లల మనసులో డాక్టరు అలా మునిగే ఉంటాడని ఆమె వాదించారు. ఆమె మిగిలిన ఉద్యమంతో నేను ఏకీభవించను. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆమె మాట కొట్టివేయదగినది కాదు.

ఫిజిక్స్ మాస్టారు:
వారం వ్యవధిలోనే ఈ ధారావాహిక ప్రాణం ఉంది. ఆ వారంలో ఇంట్లో మాట్లాడుకోవాలి, ఊహించాలి, వాదించుకోవాలి. అది తల్లిదండ్రుల భాగం. ఇప్పుడు నేను కూడా సూటిగా చెబుతాను. శనివారం సాయంత్రం హాలులో ఇరవై మందికి పైగా పిల్లలుంటారు. పెద్దవారు నలుగురైదుగురికి మించరు. తలుపు దగ్గర పిల్లలను వదిలి, వారిలో చాలామంది సర్జాపుర రోడ్డు మీద సరుకులకు వెళ్ళిపోతారు. 1963లో ఆ పెట్టె ముందు కుటుంబం కూర్చుంటుందన్న నమ్మకంతో దీనిని తయారుచేశారు. ఇక్కడ కుటుంబం లేదు, నేను ఒక్కడిని ఉన్నాను. పెద్దవారు పక్కన లేకుండా చూసినప్పుడు ఏ ధారావాహికా కుటుంబానికి తగినది కాదు. తప్పు కథదని ఫిర్యాదు చేయడం సులభం.

సి బ్లాక్ తల్లి:
ఆ శనివారం నేను సరుకులకు వెళ్ళలేదు మాస్టారూ. మా అమ్మను ఒంటరిగా వదలలేక ఇంట్లో ఉన్నాను. వాడైనా కాసేపు నవ్వుకుని వస్తాడని పంపాను.

నెల్లూరు నానమ్మ:
ఇద్దరూ కాస్త నిదానించండి. బాబూ, నీవు చదువు చెప్పినవాడివి. ఆ పిల్ల తండ్రిని పోగొట్టుకున్నది.

ఫిజిక్స్ మాస్టారు:
ఆమెను ఉద్దేశించి అనలేదండి. హాలు పరిస్థితి చెప్పాను. అది నిజం కాదని ఎవరైనా అంటే వింటాను.

సి బ్లాక్ తల్లి:
నిజమే కావచ్చు. అయితే నాకు ఒకటి చెప్పండి. తరువాత చూపవలసిన కథలలో 'విన్సెంట్ అండ్ ది డాక్టర్' ఉన్నదని మా అబ్బాయి చెప్పాడు. 2010 నాటి కథ. వాన్ గో అనే చిత్రకారుడిని డాక్టరు పారిస్‌లోని నేటి మ్యూజియానికి తీసుకువెళ్ళి, ఆయన చిత్రాలను లోకం ఎంతగా ప్రేమిస్తున్నదో చూపిస్తాడు. అంత చేసినా ఆయన ఆత్మహత్య ఆగదు. నేను ఆ కథ చూశాను, ఎంతో మంచి కథ. బ్రిటన్‌లో అది ముగియగానే, ఇటువంటి వేదనలో ఉన్నవారు ఎవరిని సంప్రదించాలో బీబీసీ ప్రకటించింది. మన మూడు బ్లాకులలో ఆ విధంగా మనిషిని పోగొట్టుకున్న ఇల్లు ఉన్నదో లేదో మీకు తెలుసా?

ఫిజిక్స్ మాస్టారు:
తెలియదు. తెలిసే అవకాశం కూడా లేదు. అందుకే తల్లిదండ్రులు వచ్చి కూర్చోవాలని అంటున్నాను.

సి బ్లాక్ తల్లి:
వచ్చి కూర్చోవాలో, ఆ రోజుకు పిల్లవాడిని పంపకుండా ఉండాలో నేను నిర్ణయించుకోవాలంటే, ఏ కథ చూపబోతున్నారో, అందులో ఏమున్నదో నాకు ముందుగా తెలియాలి. ప్రదర్శన ఆపమని నేను లేఖ ఇచ్చిన మాట వాస్తవం. ఈ ఒక్కటి జరిగితే ఆ లేఖను వెనక్కు తీసుకుంటాను.

ఫిజిక్స్ మాస్టారు:
కథ పేరు, అందులోని విషయం ముందుగా చెబుతాను. ముగింపు చెప్పను. తరువాత ఏమవుతుందోనన్న ఉత్కంఠ లేకపోతే పిల్లలకు అది పాఠం అవుతుంది, కథ కాదు.

ఇద్దరు ఆడపిల్లల తండ్రి:
ముగింపు తల్లిదండ్రులకు విడిగా తెలియజేయవచ్చు కదండీ. పిల్లలకు చెప్పమని ఎవరూ అడగడం లేదు. రెండు భాగాల కథ అయితే ఒకే సాయంత్రం రెండూ చూపాలని కూడా నా కోరిక.

ఫిజిక్స్ మాస్టారు:
రెండు భాగాలు ఒకే రోజు చూపడానికి నేను ఒప్పుకోను. కారణం పైన రాశాను.

సి బ్లాక్ తల్లి:
అయితే రెండు భాగాల కథలకు మా అబ్బాయిని పంపను. మిగిలిన వాటికి నేను కూడా వచ్చి కూర్చుంటాను.

రాత్రి పాళీ:
శనివారాలలో నాకు సెలవు. నేను కూడా వస్తాను.

కార్యదర్శి:
ఈ అభిప్రాయాలన్నీ కార్యవర్గం ముందుంచుతాను. అప్పటివరకు ఈ శనివారం ప్రదర్శన యథావిధిగా జరుగుతుంది. కథ పేరు, విషయం గురువారం లోపల మాస్టారు ఇక్కడ రాయాలి. పదేళ్ళ లోపు పిల్లలతో ఒక పెద్దవారు తప్పక హాలులో ఉండాలి. రెండు భాగాల కథల గురించి ఏకాభిప్రాయం లేనందున వాటిని ప్రస్తుతానికి జాబితాలో చేర్చరాదు.

ఫిజిక్స్ మాస్టారు:
చివరి నిబంధనపై నా అసమ్మతిని నమోదు చేయవలసినదిగా కోరుతున్నాను.