20 రోజులైనా ఆయిల్ పెయింట్ ఆరట్లేదు, ఏటి చెయ్యాలి?

మాది విజయనగరం. అమృతా షేర్‌గిల్ 1932లో పారిస్‌లో వేసిన 'యంగ్ గర్ల్స్' పెయింటింగ్ ఉంది కదా, ఆవిడ చెల్లెలు ఇందిర, ఫ్రెండ్ డెనిస్ ఇద్దరూ కూర్చుని ఉంటారు, 1933లో అక్కడి సలోన్ అనే ఆర్ట్ ఎగ్జిబిషన్‌లో గోల్డ్ మెడల్ వచ్చింది, అది కాపీ చేస్తున్నాను. 19 ఏళ్ల పిల్ల వేసిందంటే నమ్మబుద్ధి కాదు, నాకు 34 వచ్చినా ఆ చేతులు కుదరట్లేదు, సరే అది వేరే గొడవ.

కాన్వాస్ 24 బై 30 అంగుళాలు, రంగుల కింద గెస్సో (కాన్వాస్‌కి ముందుగా వేసే తెల్ల పూత) రెండు సార్లు వేశాను. ఒళ్లు, బట్టలు వారంలో ఆరిపోయాయి. ఇందిర జుట్టు దగ్గరే సమస్య. ఐవరీ బ్లాక్ అనే నల్ల రంగులో కొంచెం అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు కలిపి, లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) కాస్త ఎక్కువే పోసి మందంగా వేశాను. ఇవాల్టికి 20 రోజులు, వేలు పెడితే ముద్ర పడిపోతోంది. నిన్న దోమ అంటుకుంది, సూదితో తీస్తే ఒక కాలు అక్కడే ఉండిపోయింది!

రాత్రంతా ఫ్యాన్ కింద పెట్టాను, నాలుగు రోజులు పొద్దున్న 7 నుంచి 9 దాకా డాబా మీద ఎండలో పెట్టాను, పైన పొర కట్టింది గాని లోపల మెత్తగానే ఉంది. మధ్యలో ముసురు పట్టి గోడలే చెమ్మగా ఉన్నాయి. హెయిర్ డ్రయ్యర్ పెడదామనుకున్నా గాని పగుళ్లొస్తాయేమోనని భయమేసి ఆగాను.

ఆయిల్స్ వేసే అలవాటున్నోళ్లు చెప్పండి, ఆ జుట్టు వరకు గీకేసి టర్పెంటైన్‌తో తుడిచి పల్చగా మళ్లీ వెయ్యాలా, లేకపోతే ఇంకో నెల ఆగితే అదే ఆరుతుందా?