అమ్మతో కొండెక్కాలి: అలిపిరా, శ్రీవారి మెట్టా?

మాది చిత్తూరు. వచ్చే నెల నడిచి తిరుమల కొండకు వస్తామని అమ్మ మొక్కుకుంది. తనకు 61 ఏళ్లు, ఎడమ మోకాలు కాస్త ఇబ్బంది పెడుతుంది. అలిపిరి దారి దాదాపు 3550 మెట్లు, 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు 2400 లోపే, దూరమూ 2 కిలోమీటర్ల పైచిలుకే. లెక్క చూస్తే రెండోదే సుఖం. కానీ అక్కడ మెట్లు వరసగా ఉంటాయి, ఊపిరి తీసుకునే చదును తక్కువ అంటున్నారు.

పోయినసారి నేను అలిపిరిలో ఎక్కినప్పుడు గాలిగోపురం చేరేసరికి చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. తర్వాత హాయిగానే నడిచాను. మోకాళ్ల పర్వతం దగ్గర మాత్రం ఓ పెద్దావిడ మెట్టుమెట్టుకూ చేతులు ఆనించి మోకాళ్లతో ఎక్కుతోంది. అమ్మ కూడా అలాగే ఎక్కుతానని పట్టు. అదే నా టెన్షన్.

ఇంకొకటి. ముందురోజు చంద్రగిరి కోటలో రాజమహల్, రాణీమహల్ చూసి, శ్రీనివాస మంగాపురంలో దర్శనం చేసుకుని, తెల్లారి శ్రీవారి మెట్టు ఎక్కితే కాళ్లు తట్టుకుంటాయా? మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లతో ఈమధ్య ఎక్కినవాళ్లు ఉంటే ఏ దారిన వెళ్లారు, ఎన్ని గంటలు పట్టింది, ఎక్కడెక్కడ కూర్చున్నారో కాస్త చెప్పండి. బస్సులో వెళ్లమని మాత్రం అనకండి, అమ్మ వినదు.